నీలం క్యాన్యులా

మొదటి నెలంతా
నన్ను నా పేరుతో పిలిచింది హాజరు పట్టీ ఒక్కటే.
మిగతా అందరికీ సిస్టర్‌ని.
తాతకీ సిస్టర్‌నే, తాత మనవడికీ సిస్టర్‌నే,
మెట్ల కింద బీడీ ఆర్పేసి వచ్చే వార్డుబాయ్ యాదగిరికి మాత్రం
'కొత్త సిస్టర్'ని.

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి
పళ్లబండ్ల మధ్యలోంచి, మూసీ వాసనలోంచి
తెల్లబూట్లు తడవకుండా నడవడం
నాలుగేళ్లు చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.
ఆ పుస్తకాల్లో మంచానికీ మంచానికీ మధ్య ఆరడుగుల దూరం.
ఇక్కడ మంచానికీ మంచానికీ మధ్య ఇంకో మంచం,
దాని కింద చాప,
చాప మీద టిఫిన్ డబ్బాని కావలించుకుని నిద్రపోతున్న ఎవరి భార్యో.

సూది గుచ్చడం బొమ్మ చేతి మీద నేర్చుకున్నాను.
ఆ రబ్బరు చెయ్యి ఏనాడూ 'అబ్బా' అనలేదు.
లోపల పోసిన ఎర్రసిరా
గుచ్చిన ప్రతిసారీ బుద్ధిగా వచ్చేది.

పదిహేడో నంబరు మంచం, కరీముల్లా.
శాలిబండలో కార్చోబ్ పని, నలభై ఏళ్లు.
పెళ్లికూతుళ్ల దుపట్టాల మీద జరీపూలు పూయించీ పూయించీ
చూపు సగం అరిగిపోయిన మనిషి.
ఎడమచేతికి గుచ్చాను. నరం జారింది.
మళ్లీ గుచ్చాను. ఉబ్బింది.
మూడోసారికి నా చెమట చుక్క ఆయన చేతి మీద పడింది.
పక్క మంచం పిల్లాడి తండ్రి
"పెద్ద సిస్టర్‌ని పిలువుండ్రి జర" అన్నాడు,
నాతో కాదు, గోడతో.

పెద్ద సిస్టర్ సలోమి గారు పై వార్డు నుంచి దిగేలోపు
నేను ఏడవకూడదు.
ట్రేలో దూది ఉండలు లెక్కపెట్టాను. తొమ్మిది.

కరీముల్లా తన చేతిని తానే దీపం కిందికి జరుపుకున్నాడు,
చట్రానికి బట్ట బిగించినట్టు.
"సూదిని చూడకు బేటీ.
సూది యాడికి పోతది, నీ చేతిలోనే ఉంటది.
బట్టని చూడు. కింద వేలు పెట్టి చూడు.
పోగు తగుల్తది."

కళ్లు మూసుకున్నానో లేదో గుర్తులేదు.
చూపుడువేలి కింద
తడిసిన నూలుపోగులా ఏదో మెత్తగా పక్కకి ఒత్తిగిలింది.
ఇరవై రెండో నంబరు, నీలం క్యాన్యులా.
దాని మెడలో రక్తం మెరిసింది,
ఒకే ఒక్క ఎర్రపూస.
"హా, కుట్టు పడింది" అన్నాడాయన,
అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ రాత్రే, రెండూ ఇరవైకి
పదకొండో మంచం ఖాళీ అయింది.
బాలింగం, లారీ క్లీనరు. పంతొమ్మిదేళ్లు.
నాకన్నా మూడేళ్లు చిన్న.
నా అరచేతుల కింద అతని పక్కటెముక విరిగిన చప్పుడు
ఇంకా నా మణికట్టులో ఉంది.
డాక్టరు గడియారం చూసి టైము చెప్పాడు. రాసుకున్నాను.
ఆ ఒక్క వరుసలోనే నా దస్తూరి గుండ్రంగా, అందంగా వచ్చింది.
ఎందుకో సిగ్గేసింది.

దిండు కింద అతని ఫోను మోగింది.
తెర మీద 'ఓనర్ సాబ్'.
ఆగింది. మళ్లీ మోగింది.
ఎత్తాలో వద్దో ఎవరూ నేర్పలేదు.
సలోమి గారు చేతులు తుడుచుకుని ఎత్తింది.
"నేను సిస్టర్‌ని మాట్లాడుతున్నా" అంది.
ఆ మాటని అంత మెల్లగా కింద పెట్టొచ్చని
అప్పుడు తెలిసింది.

పొద్దున చార్జి అప్పగించాను.
పదిహేడు: డ్రిప్ నడుస్తోంది.
పదకొండు: కొత్త దుప్పటి వేశారు, కొత్త మనిషి వచ్చాడు.
స్టైపెండ్ ఇంకా పడలేదు.
గౌను జేబులో రాత్రి కొనుక్కున్న ఉస్మానియా బిస్కెట్
పొడి అయిపోయింది, పొడే తిన్నాను.

దిల్‌సుఖ్‌నగర్ బస్సు.
జీరో టికెట్ కోసం కండక్టరమ్మ చెయ్యి చాపింది.
గాజులకి పైన, ముంజేతి మీద
ఎంత నిటారు నరం! పచ్చగా, పొంగి,
పద్దెనిమిదో నంబరు కూడా హాయిగా ఎక్కుతుంది.
చూస్తూ ఉండిపోయాను.
"ఏందమ్మా, ఆధార్ తియ్యి."
తీశాను. కళ్లు చికిలించి పైకే చదివింది.
"కుర్సం సమ్మక్క. ఏటూరునాగారం."
కార్డు తిరిగిచ్చి నా బూట్ల వంక చూసింది.
"ఆ కిటికీ కాడ సీటుంది సమ్మక్కా, పోయి కూసో."